ఇంటి వైద్యం

కారు వెనక బ్రేకులు నేనే మారుస్తానని ప్రకటించినప్పుడు మా ఆవిడ ఏమీ అనలేదు. పాఠకుల్లో పెళ్లయినవారికి ఆ మౌనానికి అర్థం చెప్పనక్కరలేదు.

కారంటే పెద్ద కారేమీ కాదు, 1999 నాటి మారుతి 800. కంపెనీవారు దాన్ని తయారు చేయడం 2014లో మానేశారు గాని, మేము నడపడం మానలేదు. ఈ మధ్య హ్యాండ్ బ్రేకు ఎంత పైకి లాగినా పట్టు తెలియడం లేదు. పెడలు కూడా మునుపటికంటే లోతుకు దిగుతోంది. ఆదివారం నాడు అమ్మాయినీ, మనవణ్ణీ ఎక్కించుకుని విజయవాడనుంచి శ్రీశైలం వెళ్లాలి. దోర్నాల దాటితే ఇక ఘాటే కదా!

ఆటోనగర్‌లో మేస్త్రి నడిగితే షూలకూ కూలికీ కలిపి రూ. 1,600 అన్నాడు. అంగట్లో షూల సెట్టు రూ. 700. తక్కిన రూ. 900 నా చేతులకే ఇచ్చుకుంటే పోలా అనుకున్నాను. ఒక్క డబ్బే కాదు లెండి. అంతకుముందు ఇంకోచోట సర్వీసు కిస్తే, వెనక బ్రేకులు విప్పి శుభ్రం చేశామని బిల్లులో రాశారు. ఇంటికొచ్చి చూద్దును కదా, చక్రాల బోల్టుల మీద పాత బురద పెచ్చు పెచ్చులాగే ఉంది! స్వయంపాకం బుద్ధి నాకు ఆనాడే పుట్టింది.

శనివారం పొద్దున్నే ముందు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, జాకీ ఎత్తాను. జాకీని నమ్మరాదని కింద చెక్క దిమ్మలు కూడా పెట్టాను. నట్టు విప్పినా డ్రమ్ము కదలదే! చుట్టూ సుత్తితో తట్టగా తట్టగా గంటకు ఊడివచ్చింది. లోపలంతా నల్లటి పొడి. మావాడు నోటితో ఊదబోతే గబుక్కున ఆపాను. పాత లైనర్లలో రాతినార ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు శత్రువు. తడిగుడ్డతోనే తుడవాలి.

లోపలి సంసారం చిన్నదే. అర్ధచంద్రాల్లా ఎదురెదురుగా రెండు షూలు, వాటిని దగ్గరికి లాగి ఉంచే స్ప్రింగులు, నడుమ ఓ బుల్లి సిలిండరు. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు వచ్చి సిలిండరు చేత షూలను చెరోపక్కకూ నెట్టిస్తుంది. అవి డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుంటాయి. అంతే. ఒక పక్క విప్పినప్పుడు రెండో పక్క ముట్టుకోకూడదు, చూసి బిగించడానికి అదే నమూనా. ఇంతా తెలిసి ఒక స్ప్రింగు నా చేతినుంచి ఎగిరి మల్లెపొదలో దూరింది. దాని కోసం ఇంటిల్లిపాదీ నలభై నిమిషాలు వెతికాం.

మధ్యాహ్నానికి కుడి పక్క అయింది. ఎడమ పక్క కొత్త షూలు ఎక్కించి, సిలిండరు దగ్గర తడి కనిపిస్తే, చక్రం కడిగిన నీళ్లు కాబోలనుకుని తుడిచేశాను.

"తాతయ్యా, మళ్లీ తడిసింది" అన్నాడు మావాడు.

"ఎండకు చెమట పట్టిందిరా" అన్నాను. అని, వేలు పెట్టి చూశాను. జిడ్డు! నీళ్లకు జిడ్డెక్కడిది?

ఫ్యాను బాగుచేయబోయి పాడుచేస్తే ఆ రాత్రి ఉక్కకు మనమే పడుకుంటాం. బ్రేకు సంగతి అలా కాదు. నా పొరపాటుకు మూల్యం చెల్లించేది వెనక సీట్లో కూచుని కిటికీలోంచి కోతులకు చెయ్యి ఊపే ఈ పిల్లవాడు. స్పానరు కింద పెట్టి ఆటోనగర్‌కు బయలుదేరాను.

మేస్త్రి వచ్చి సిలిండరు రబ్బరు తొడుగు గోటితో ఎత్తాడు. రెండు చుక్కలు టపటపా రాలాయి.

"షూలు బాగానే బిగించారు మాస్టారూ. దీన్ని చూడలేదు. ఆయిలు లైనరు మీద పడితే ఆ చక్రం పట్టదు. ఘాటు దిగేటప్పుడు తెలిసేది."

రెండు పక్కలా సిలిండర్లు మార్చాడు. ఆయిలు తగిలిన నా కొత్త షూలను పక్కన పారేసి మరో సెట్టు తెప్పించాడు. నేను పెడలు తొక్కుతూ ఉంటే అతను నిప్పిల్ విప్పుతూ, బిగిస్తూ గొట్టాల్లో గాలి తీశాడు. ఈ పని ఒంటిచేత్తో అయ్యేది కాదు.

"మొదటే నీ దగ్గరికి వచ్చుంటే సరిపోయేది" అన్నాను.

అతను చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. "షెడ్డులో నాలుగు బళ్లు లైన్లో ఉంటే నేను మాత్రం ఆ తొడుగు ఎత్తి చూసేవాణ్ణా అని, మాస్టారూ!"

ఆ ఒక్క మాటకు అతనడిగిన రూ. 2,300 బేరమాడకుండా ఇచ్చాను.

ఆదివారం తెల్లవారుజామున ఖాళీ వీధిలో పదిసార్లు బ్రేకు కొట్టి చూసుకుని మరీ బయలుదేరాం. తిరుగు ప్రయాణంలో ఘాటంతా రెండో గేరులోనే దిగాను. దోర్నాల దీపాలు కనిపించాక మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది.

"ఇంతకూ ఆ తొమ్మిది వందలూ మిగిలాయా అండీ?"

"ఇక్కడ కాఫీ బాగుంటుందట" అంటూ కారు పక్కకు ఆపాను.