బతికినోళ్లు ప్రైవేటుకు, సచ్చినోళ్లు సర్కారుకా?

కొండాపూర్ దవాఖాన అనగానే పత్రికలు చదివేవాళ్లకు హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ గుర్తుకొస్తుంది. అక్కడ సర్కారు ఆసుపత్రి ఉంది. ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. కానీ మనకు ఇంకో కొండాపూర్ ఉంది. సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 1940లలో నిజాం పురావస్తు శాఖ ఇక్కడి దిబ్బను తవ్వితే శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. రెండు వేల ఏండ్ల చరిత్ర ఉన్న ఈ ఊరికి సర్కారు ఇచ్చింది ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం.

ఆ కేంద్రాన్ని చిన్నచూపు చూడటం మన ఉద్దేశం కాదు. జ్వరానికి మందు, పిల్లలకు టీకా, గర్భిణికి పరీక్ష అక్కడే దొరకాలె. మరి ఫ్యాక్టరీలో చెయ్యి నలిగితే? యాసిడ్ మీద పడితే? నడిరాత్రి కాన్పు కష్టమైతే? సంగారెడ్డికి ఉరకాలె. అక్కడ కూడా కాదంటే ఉస్మానియాకు పోవాలె. కొండాపూర్ నుంచి ఉస్మానియా 60 కిలోమీటర్ల పైమాటే. కాలిన ఒంటికి, కారే నెత్తురుకు ఆ దూరం తెలుస్తదా?

ఈ ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి... 1970ల నుంచి రసాయనాల ఫ్యాక్టరీలు, మందుల ఫ్యాక్టరీలు వరుస కట్టిన నేల. ప్రపంచానికి మందులు తయారుచేసే నేల. నక్కవాగులో పారిన విషం మీద ఊళ్లకు ఊళ్లు కొట్లాడినయి. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు రైతులను వెంటేసుకొని ఏండ్ల తరబడి పోరాడిండు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ ఈ ఊళ్ల ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. కాలుష్యం లేని ఊళ్లతో పోలిస్తే ఇక్కడ రోగాలు ఎక్కువని చెప్పింది. అయినా ఇక్కడి రోగం ఏందో, అది ఏ రసాయనంతో వచ్చిందో పట్టుకునే వైద్యం మాత్రం ఊళ్ల దరికి రాలేదు. మందులు తయారయ్యే చోట మందు దొరకకపోవుడు ఏం న్యాయం?

2025 జూన్ 30ని ఎవరూ మరువరు. పాశమైలారంలోని సిగాచి మందుల ఫ్యాక్టరీలో పేలుడు. 50 మందికి పైగా కార్మికులు బలైపోయిండ్రు. ఎక్కువమంది పొట్ట చేతపట్టుకొని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లు. గాయపడ్డవాళ్లలో చాలామందిని చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రులకు తీసుకపోయిండ్రు. శవాలు మాత్రం పటాన్‌చెరు సర్కారు దవాఖానకు చేరినయి. గుర్తుపట్టరానంత కాలిన శవాలకు డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కుటుంబాలు రోజుల తరబడి దవాఖాన ముంగట పడిగాపులు కాసినయి. కొందరికి శవం కూడా దక్కలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ప్రాణం ఉన్నప్పుడు అక్కరకు రాని సర్కారు దవాఖాన, ప్రాణం పోయినంక శవాల గదిగా అక్కరకొచ్చింది. ఇది అక్కడ రాత్రింబవళ్లు పనిచేసిన డాక్టర్ల, సిబ్బంది తప్పు కాదు. వాళ్ల చేతికి ఏమిచ్చినమన్నదే ప్రశ్న. పైగా ఇది మొదటిది కాదు. 2024 ఏప్రిల్‌లో హత్నూర మండలం చందాపూర్‌లో ఫ్యాక్టరీలో పేలుడు జరిగి కార్మికులు చనిపోయిండ్రు. పదిహేను నెలలు తిరగకముందే పాశమైలారం. ఈ మధ్యకాలంలో ఏం నేర్చుకున్నట్టు?

పనులే జరగలేదని అనలేం. 2022లో సంగారెడ్డికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అది ప్రత్యేక రాష్ట్రం వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పుకోవాలె. 2023 జూన్‌లో పటాన్‌చెరులో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కానీ రెండేండ్లు గడిచినా, సిగాచి పేలిన నాటికి దాని తలుపులు తెరుచుకోలేదు. ప్రభుత్వం మారింది, ప్రమాదం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. శిలాఫలకం నాయకునికి కనిపిస్తది, పోస్టు కనిపించదు. గోడలు లేపితే దవాఖాన కాదు. 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి సర్జన్, ఫిజీషియన్, కాన్పుల డాక్టర్, పిల్లల డాక్టర్, మత్తు డాక్టర్ ఉండాలని జాతీయ ప్రమాణాలే చెప్తున్నయి. అందులో మత్తు డాక్టర్ ఒక్కరు లేకుంటే ఆపరేషన్ థియేటర్‌కు తాళమే. సర్జన్ ఉండి ఏం లాభం? రక్తనిధి లేకుంటే నెత్తురు పోతున్న బాలింతను మళ్లీ అంబులెన్సు ఎక్కించుడే.

మనం ఉద్యమంలో ఏమన్నం? నీళ్లు, నిధులు, నియామకాలు. నియామకాలంటే మన పిల్లలకు కొలువులు మాత్రమేనా? ఆ కొలువులో కూర్చున్న డాక్టర్, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ మన ఊరికి వైద్యం చేయాలన్నది కూడా ఆ మాటలోనే ఉంది. ఖాళీగా ఉన్న ప్రతి వైద్య పోస్టు రెండు అన్యాయాలు చేస్తది. చదువుకున్న పిల్లకు కొలువు లేదు, రోగంతో వచ్చిన తల్లికి వైద్యం లేదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటరు. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 10 లక్షలకు పెంచిండ్రు. మంచిదే. కానీ కార్డు బిల్లు కడ్తది, 60 కిలోమీటర్లను దగ్గర చేయదు. ఇఎస్ఐ ఉంది కదా అంటరు. రామచంద్రాపురంలో ఇఎస్ఐ ఆసుపత్రి ఉన్న మాట నిజమే. అయితే గుత్తేదారు చేతికింద పనిచేసే వలస కూలీ పేరు ఆ రిజిస్టర్‌లో ఎక్కిందా? ఎక్కకుంటే ఆ దవాఖాన వానికి ఉన్నా లేనట్టే.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలె.

ఒకటి: కొండాపూర్ ఆరోగ్య కేంద్రాన్ని 24 గంటలు నడిచే 30 పడకల ఆసుపత్రిగా పెంచాలె. భవనం కంటే ముందు పోస్టులు మంజూరు చేయాలె.

రెండు: పటాన్‌చెరు పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డు, వృత్తి రోగాల విభాగం పెట్టాలె. ఇక్కడ గుండెకు ఎంత అవసరమో, రసాయనం పీల్చిన ఊపిరితిత్తికి అంతకంటే ఎక్కువ అవసరం.

మూడు: పెద్ద ప్రమాదం జరిగే అవకాశమున్న రసాయన ఫ్యాక్టరీలున్న చోట, ఫ్యాక్టరీ గోడ బయట ఏం చేయాలో జిల్లా యంత్రాంగం ముందే ప్రణాళిక రాసి పెట్టుకోవాలని 1989 నిబంధనలు చెప్తున్నయి. ఆ ప్రణాళికలో ఏ దవాఖానలో ఎన్ని పడకలు, ఏ డాక్టర్ అన్నది ఊరూరా తెలుగులో గోడమీద అతికించాలె.

నాలుగు: కొత్త ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే కాగితం మీదనే దగ్గరి సర్కారు దవాఖానకు ఎన్ని పోస్టులు పెంచుతరో కూడా రాయాలె. యంత్రానికి లెక్క ఉన్నప్పుడు మనిషికి ఎందుకుండదు?

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. మీ మండల దవాఖానలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అని ఒక్క దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును గ్రామసభలో చదవండి. కార్మిక సంఘాలను కలుపుకోండి. రాష్ట్రమే కొట్లాడి తెచ్చుకున్నోళ్లం, ఒక మత్తు డాక్టర్‌ను తెచ్చుకోలేమా? అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఇంకో సైరన్ మోగకముందే అడుగుదాం.