తిరువయ్యూరు యాత్ర: బస మాట

పుష్య బహుళ పంచమినాఁడు తిరువయ్యూరిలో జరుగు త్యాగరాజస్వామి యారాధనమునకుఁ బోవలయునను కోరిక గల సోదరీమణులు మనలో ననేకులు. అచటి పాట వినుటకు రుసుము లేదు. అయినను బసకగు వ్యయమునకు వెఱచి పలువురు ఇల్లు కదలకున్నారు. అందుచే నీ మాసము బసను గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తిరువయ్యూరు చిన్న పట్టణము. ఉత్సవదినములలో నచటి గదులు త్వరగా నిండిపోవును. తంజావూరు సుమారు 13 కిలోమీటర్ల దూరముననే యున్నది. అచట అన్ని తరగతుల లాడ్జీలును గలవు, బస్సులు తిరుగుచుండును. కావున తంజావూరిలో దిగుటయే మేలు. పంచరత్న కీర్తనలు పంచమినాఁటి యుదయమున బృందముగాఁ బాడుదురు గనుక, బస్సు స్టాండునకుఁ జేరువ గదిని జూచుకొనవలెను. చౌకయని ఊరి చివర దిగినచో, అద్దెలో మిగిలినది ఆటోకే సరిపోవును.

నలుగురు స్త్రీలు కలిసి పోయినచో ఒక పెద్ద గది చాలును. అద్దె నాలుగు పాళ్లగును; తోడును గలుగును. పంచాంగమునఁ దిథి చూచి, రెండు నెలల ముందే గది నిశ్చయించుకొనుఁడు. అద్దె, పన్ను, ఖాళీ చేయవలసిన వేళ విచారించి రసీదు పుచ్చుకొనుఁడు. తలుపు గడియయు, స్నానపు గదియుఁ జూచిన పిదపనే సామాను దింపుఁడు.

అచటి సమాధిమందిరమును సొంత సొమ్ముతోఁ గట్టించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1921లో శంకుస్థాపనయు, పిదప ప్రతిష్ఠయు జరిగినవి. ఆ దినములలో నారాధనమునఁ బాడుటకు స్త్రీలకు అనుమతి లేకుండెను. ఆమె పట్టు విడువక దానిని సాధించిరి. బస దొరకదను భయముచే మనము అచటికిఁ బోవుట మానుకొనఁదగునా? ఇప్పుడే పంచాంగము తీయుఁడు.