పక్కా మాట

పచ్చి ఇటుకకూ కాల్చిన ఇటుకకూ భేదం తెలుసుకోవడానికి మా కొలకలూరులో నిఘంటువు అక్కరలేదు. ఒక్క వాన చాలు. ఒకటి నిలుస్తుంది, మరొకటి బురద అవుతుంది. ఆంగ్లంలోని ఒక సరదా విశేషణానికి ఈ భేదంతోనే చుట్టరికం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ మాట "పక్కా". కకార ద్విత్వం ఆంగ్లేయుల నోట నిలువదు కనుక "పక" అంటారు. దొరల కాలంలో అసలు సిసలు దొర "పక సాహిబు". 1934లో వచ్చిన ఆర్వెల్ నవల 'బర్మీస్ డేస్'లో ఆ దొరతనం వేళాకోళానికి గురైంది. తరువాత అది "భేషైన" అనే అర్థంలో వాడుకలోకి దిగింది. 1999లో బి.బి.సి.లో వంటల కార్యక్రమం మొదలుపెట్టిన జేమీ ఆలివర్‌కు అది ఊతపదమైంది. మాటను పుట్టింటికి చేర్చానని ఆ వంటవానికి తెలుసో లేదో!

ఏలయన, హిందీ "పక్కా"కు మూలం ప్రాకృతం "పక్క", దానికి సంస్కృతం "పక్వ". "పచ్" ధాతువుకు వండుట అని అర్థం. మన బెల్లపు పాకమూ, కావ్యాల ద్రాక్షాపాకమూ దాని సంతానమే. 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' కూడా పండిన, వండిన అనే అర్థాలనే ముందు చెప్పింది. ఆ ధాతువుకు తోబుట్టువైన లాటిన్ "కోక్వెరె" నుండి ఆంగ్లంలో "కుక్" వచ్చింది. ఈడుకు మించిన తెలివిగల పిల్లవాణ్ణి "ప్రికోషస్" అంటారు. అనగా ముందే పండినవాడు. ఒకే ఇంటి ఆడపడుచులు, ఒకతె రోము మీదుగా, మరొకతె మన దేశం మీదుగా ఆంగ్లానికి కాపురానికి వెళ్ళారన్నమాట.

ఇక నా అపరాధం. 1980ల చివర ఏడవ తరగతి బాలిక ఒకతె "మా ఇల్లు" వ్యాసంలో "మాకు పక్కా ఇల్లు వచ్చింది" అని వ్రాసింది. అంతకుముందు వారిది తాటాకు పాక. నేను ఎర్రసిరాతో "అన్యదేశ్యం" అని కొట్టివేసి, "దృఢమైన" అని దిద్ది, ఒక మార్కు తగ్గించాను. సంస్కృతపు మనుమరాలిని గెంటి సంస్కృతాన్నే కూర్చోబెట్టానన్నమాట, ఏం పాండిత్యం! పైగా "దృఢం"లో బట్టీ నిప్పు లేదు. ఆ పిల్ల మాటలో ఉంది. ఊరూ పేరూ అడగకుండా మాటలను వెలివేసే మా పండితుల అలవాటును నేనిప్పుడు సమర్థించలేను.

"దృఢమైన అంటే మా అమ్మకు తెలియదండీ మాస్టారూ" అన్నది ఆ పిల్ల.

కూర్చోమన్నాను.