వయసు చీటీ అడగని కంప్యూటర్ కోసం ఓరుగల్లు ప్రణాళిక

కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ 2025 అక్టోబరులో ఏబీ 1043 అనే చట్టంపై సంతకం చేశారు. 2027 జనవరి 1 నుంచి అక్కడ ఆపరేటింగ్ సిస్టం అందించేవారు ఖాతా తెరిచేటప్పుడే వాడేవారి వయసో పుట్టిన తేదీయో అడగాలి. 13 లోపు, 13 నుంచి 15, 16–17, 18 నిండినవారు అని విడదీసి, యాప్‌లు అడిగినప్పుడు ఆ సమాచారం చెప్పాలి. నిర్లక్ష్యం చేస్తే ఒక్కో బిడ్డ లెక్కన 2,500 డాలర్ల దాకా, తెలిసి తప్పితే 7,500 డాలర్ల దాకా జరిమానా.

దీంతో వరంగల్‌కు ఏం పని?

కాజీపేటలో ఓ హాస్టల్ గదిలో విద్యార్థి ఒకడు డెబియన్ అనే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం దించుకుంటాడు. తెలుగు కీబోర్డు, పోతన ఫాంటు జోడిస్తాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి తన ఊరి బడికి ఇస్తాడు, ఇంటర్నెట్‌లోనూ పెడతాడు. కాలిఫోర్నియాలో ఎవరైనా దాన్ని దించుకున్న రోజున, ఆ చట్టం మాటల ప్రకారం గూగుల్, యాపిల్ సరసన ఇతనూ ఆపరేటింగ్ సిస్టం అందించేవాడే. వాళ్లకు వకీళ్ల దండు ఉంది. ఇతనికి సెమిస్టర్ పరీక్షలున్నాయి.

డెబియన్‌ను 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. దాన్ని ఎవరు వాడుతున్నారో వాళ్లకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు, పేరు చెప్పకుండా వాడుకోవచ్చు. బడి ల్యాబులో ఒకే 'స్టూడెంట్' ఖాతాలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ కూర్చుంటారు, సాయంత్రం సారు కూడా అదే తెరుస్తారు. ఆ ఖాతా వయసెంత?

కాలిఫోర్నియా ఇప్పటికి గుర్తింపు కార్డు అడగడం లేదు, నోటిమాట చాలంటోంది. అంతవరకు అది మెత్తని చట్టమే, ఒప్పుకుంటాం. మా భయం తర్వాతి మెట్టు గురించి. సోర్సు కోడు చేతిలో ఉన్నవాడు వయసు అడిగే ఆ నాలుగు వరుసలు తీసేయగలడు. తీసేయకుండా ఆపాలంటే దారి ఒక్కటే: కంపెనీ ముద్ర లేని సిస్టం ఎక్కకుండా యంత్రానికే తాళం వేయడం. సిస్టం మార్చుకున్న ఫోన్లలో కొన్ని బ్యాంకు యాప్‌లు ఇప్పటికే తెరుచుకోవు. రేపు పదో తరగతి పిల్లల పాఠాలు కూడా అలాగే మొరాయిస్తే, పాత కంప్యూటర్లకు లైనక్స్‌తో ప్రాణం పోస్తున్న బడులు ఏం చేయాలి?

పిల్లల గురించి మాకు పట్టింపు లేదని ఎవరూ అనుకోవద్దు. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి బడిలో కునికే పిల్లలు మా ఇళ్లలోనే ఉన్నారు. ఆ రీల్స్‌ను ఆగకుండా తిప్పే కంపెనీకి ప్రతి నిమిషానికీ డబ్బులొస్తాయి. పట్టుకోవాల్సింది దాన్ని. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఆపినప్పుడు బాధ్యతను ఆ కంపెనీల మీదే పెట్టింది. ఆ చట్టంపై మాకు వేరే అనుమానాలున్నాయి గానీ, బరువు పెట్టిన చోటు మాత్రం సరైనది. 2026 జనవరిలో దావోస్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ ఆ తరహా ఆలోచన గురించి మాట్లాడారు. తెలుగు నేల మీద చట్టం రాకముందే మా మాట వినబడాలి.

మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలంటుంది. వారి డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. వారి వెంటపడి నిఘా పెట్టడం, వారికి గురిపెట్టిన ప్రకటనలు చూపడం కుదరదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఈ బాధ్యత డేటా వాడుకునే సంస్థది. అది అక్కడే ఉండాలి, ఆపరేటింగ్ సిస్టం మీదికి జారకూడదు. సమ్మతి పేరుతో ప్రతి ఇంటి ఆధార్‌నూ ప్రతి యాప్‌కూ అప్పజెప్పే పరిస్థితీ రాకూడదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న చెప్పింది. పిల్లలు కూడా ఆ తీర్పు కిందే ఉన్నారు.

అనుమతి చీటీల సంగతి ఈ గడ్డకు కొత్త కాదు. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది. నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభ పెట్టాలన్నా ముందు అనుమతి అడగమంది. అప్పటివాళ్లు అడ్డంకుల మధ్యే పుస్తకాలు పంచారు, చదువు చెప్పారు. మన కాలంలో హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది, పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' చేసింది. ఆ దారిలోనే మేమూ నడుస్తాం.

డబ్బు తీసుకోకుండా, డేటా సేకరించకుండా సాఫ్ట్‌వేర్ పంచేవారిని వయసు చట్టాల నుంచి స్పష్టంగా మినహాయించాలని కేంద్రాన్నీ రెండు తెలుగు రాష్ట్రాలనూ అడుగుతున్నాం. కొన్న యంత్రంలో నచ్చిన సిస్టం ఎక్కించుకునే హక్కును చట్టంలో రాయాలి. ప్రభుత్వ బడుల ల్యాబులు వయసు చెప్పనక్కర లేకుండా నడవాలి. ఇంట్లో పిల్లల ఖాతాకు సమయం, సైట్లు కట్టడి చేసే పరికరాలు లైనక్స్‌లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని తెలుగులోకి తెచ్చి, అమ్మానాన్నలకు పక్కన కూర్చుని నేర్పే పని మాది. ముసాయిదా చట్టాలు వచ్చిన ప్రతిసారీ తెలుగులో చదివి వినిపిస్తాం, గడువులోగా అభ్యంతరాలు పంపిస్తాం.

ఈ సమూహానికి పేరింకా పెట్టలేదు. చందా లేదు, సభ్యత్వ కార్డు లేదు, ఎవరి పుట్టిన తేదీ రాసుకోం. పాత ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే ఉత్త చేతులతోనే రండి.