బగ్ గోడ అవతల, ప్యాచ్ గోడ ఇవతల

విశాఖలో విమానాలకి పక్షులు తగులుతున్నాయనగానే మన ఐటీ బుర్రలకి ముందు తట్టేది కెమెరా, డ్రోను, ఏఐ. ఒక్క నిమిషం ఆగండి. అసలు గద్ద రన్‌వే దగ్గరికి ఎందుకొస్తోంది?

తిండికి. చికెన్ కొట్టు వెనక పారేసిన పేగులు, మూతలేని చెత్తకుండీ ఉన్నంతకాలం మీరు టపాసులు పేల్చినా అది ఓ చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళకి ఆ చప్పుడుకీ అలవాటు పడిపోతుంది.

రూలు లేదా అంటే ఉంది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోయడం, పక్షుల్ని రప్పించే చెత్త వేయడం కూడదని ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూలు. గాజువాక, గోపాలపట్నం, ఎన్ఏడీ అన్నీ ఆ లోపువే! ఐఎన్ఎస్ డేగ గోడ లోపల నేవీ చూసుకుంటుంది. గోడ బయట చెత్త ఎత్తాల్సింది మాత్రం జీవీఎంసీ.

2025 సెప్టెంబరు 18న హైదరాబాద్ బయల్దేరిన విమానం పక్షి తగిలి విశాఖకే తిరిగొచ్చింది. అందరూ క్షేమం, సరే. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియా మువాన్‌లో పక్షుల్ని ఢీకొన్నాక చక్రాలు లేకుండా దిగి గట్టుని గుద్దిన విమానంలో 179 మంది పోయారు.

భోగాపురం వెళ్ళిపోతే తీరిపోతుందంటారా? కోడ్ మార్చకుండా సర్వర్ మారిస్తే బగ్ కూడా వెంటే వస్తుంది.

మాంసం వ్యర్థాల్ని రోజూ విడిగా, మూసిన బండిలో ఎత్తమని కార్పొరేటర్ని నిలదీద్దాం. ఆదివారం చికెన్ కొనేదీ మనమే, సోమవారం పొద్దున్న ఫ్లైటెక్కేదీ మనమే. ఏమంటారు?