ఆపినవాడికి మెచ్చుకోలేదీ?

హిందూపురం, అనంతపురం వైపు నుంచి కెమికల్ ఇంజనీరింగు చదివి వచ్చిన కుర్రాళ్లు బెంగళూరులో బొమ్మసంద్ర, జిగణి మందుల కంపెనీల్లో చేరుతుంటారు. ఉద్యోగం పేరు వాలిడేషన్. 'అంటే కాగితాలు రాయడమేనా?' అని ఊళ్లో పెదవి విరుస్తారు. కొన్ని యాజమాన్యాల లెక్కా అదే.

ఆ పని విలువేంటో 1972లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో తెలిసొచ్చింది. అక్కడి డేవన్‌పోర్ట్ ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించుకున్న రోగుల్లో ఐదుగురు చనిపోయారు. ఫ్యాక్టరీలో సీసాలను శుద్ధి చేసే ఆటోక్లేవు నుంచి గాలి పూర్తిగా పోలేదు. కింది సీసాలకు వేడి చాలలేదు. క్రిములు బతికిపోయాయి.

నాలుగు సీసాలు పరీక్షిస్తే ఇలాంటిది దొరకదు. యంత్రంలో మూలమూలనా థర్మోకపుల్స్ పెట్టి, వేడి ఎక్కడ తగ్గుతోందో పట్టాలి. కొత్త పద్ధతైతే మామూలుగా వరుసగా మూడు బ్యాచ్‌లు నిలకడగా రావాలి. ఖర్చు తగ్గించాలని కలిపే వేగమో, ఆరబెట్టే సమయమో మార్చితే, మందు చెడలేదని మళ్లీ రుజువు చూపాలి.

2023 చివర్లో కేంద్రం సవరించిన షెడ్యూల్-ఎం కూడా వాలిడేషన్ తప్పదంటోంది. చట్టం కాగితం అడుగుతుంది, సరే. లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు 'ఈ బ్యాచ్ ఆపండి' అనే ధైర్యం కాగితం ఇవ్వదు, యాజమాన్యమే ఇవ్వాలి. ఎంత సరుకు పంపారన్నదే కాదు, దేన్ని ఎందుకు ఆపారన్నదీ ప్రమోషన్ లెక్కలోకి రావాలి. ఆ సీసా రేపు మనింట్లోకే రావచ్చు.