అలసినవారి యెడల మన కర్తవ్యము

గత కార్తికమున తిరుచానూరి పంచమీతీర్థము నాడు మా తరగతి బాలుడొకడు తన వీథివారితో గూడి పుష్కరిణి దాపున ఉల్లాసముగా తిరుగుట చూచితిని. డెంగీ జ్వరము విడిచి నాలుగు నెలలైనను వాడు బడికి వారమున రెండు మూడు దినములకు మించి వచ్చుట లేదు. మరల వచ్చిన నాడు, “ఉత్సవమునకు గల ఓపిక గణితమునకు లేదా?” యని నలుగురిలో మందలించితిని. వాడు మాఱు పలుకలేదు. ఉత్సవము మఱునాటినుండి మూడు దినములు వాడు మంచము దిగలేదని తల్లి వచ్చి చెప్పినపిమ్మట గాని నా తప్పు నాకు తెలియలేదు.

కొన్ని జ్వరములు విడిచిన పిదప కొందఱికి అలసట నెలలకొలది నిలుచును. శ్రమపడిన నాడు బాగుగనే యుండి, మఱునాడో ఆ మఱునాడో కూలబడుట దీర్ఘకాలపు అలసట వ్యాధికి ముఖ్యలక్షణమని 2015లో అమెరికా వైద్యపండితుల సంఘము నిర్ణయించినది. ఇట్టివారిచేత దినక్రమమున వ్యాయామము హెచ్చించి చేయించుట ఇంగ్లాండున చిరకాలము సాగెను. 2021లో అచ్చటి నైస్ సంస్థ అది కూడదని చెప్పినది. మా బాలునిది ఆ వ్యాధియే యనుటకు నేను వైద్యుడను గాను. రక్తహీనతయో, క్షయయో, మఱొకటియో ముందు పరీక్షింపవలసినదే.

విశ్రాంతిని కొలిచి యిచ్చుట మన సీమకు క్రొత్త గాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో, మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున మిషనులు కలసి నడపిన క్షయ ఆరోగ్యాలయము, డాక్టరు ఫ్రిమోట్ మొల్లరుగారి పూనికతో 1912లో మొదలైనది. నాటికి స్ట్రెప్టోమైసిను లేదు. అట్టి ఆరోగ్యాలయములలో రోగిని మొదట పడుకొనబెట్టి, పిదప కొంచెము కొంచెముగా నడిపించి, వేడి హెచ్చినచో మరల పడుకొనబెట్టెడివారు. రోగి ఉత్సాహముకంటె థర్మామీటరును నమ్మిరి. మన బాలునివంటివారికి చూపుటకు థర్మామీటరు లేదు. అందుచేతనే వారు దొంగలైపోవుచున్నారు. మఱునాటి స్థితినే కొలతగా గొనవలయును. అలసినపిమ్మట గాక అలయకముందే విశ్రమింపవలయును. బాగున్న నాడు సయితము పనిని మితిమీఱనీయరాదు.

డ్రిల్లు మానిపించిన అందఱును రోగులగుదురని మా సహోపాధ్యాయుడొకరు నవ్విరి. ఒకరిద్దఱు మోసగింతురేమో, మోసగింపనిండు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లినప్పుడు దూత ఆయనకు అప్పము పెట్టి మరల నిద్రింపనిచ్చెను. నలువది దినముల ప్రయాణము ఆ పిమ్మటి మాట.

దీర్ఘజ్వరము పడి వచ్చిన విద్యార్థికి అర్ధదినపు హాజరును, డ్రిల్లు మినహాయింపును, గ్రంథాలయపు మూల నొక చాపను పాఠశాలలు నియమముగానే యేర్పఱుపవలయునని నా మనవి. మా బాలుడిప్పుడు ఉదయము మాత్రమే వచ్చుచున్నాడు, కాని ప్రతిదినమును వచ్చుచున్నాడు. రేఖాగణితము మాత్రము వెనుకబడియున్నది. దానిని వేసవిలో చూచుకొందుము.